పెరట్లో వనరాజా, గ్రామప్రియ కోళ్లు: ఒకరోజు పిల్ల నుంచి ఏడాది గుడ్ల దాకా

మా ఇంట్లో నాటుకోళ్లు ఎప్పుడూ ఉండేవి. పిల్లలు గంప కింద, పెద్దవి చింతచెట్టు మీద. పొద్దున నాలుగు గింజలు చల్లడం తప్ప వాటికి ఎవరూ ఏమీ చేసేది లేదు. ఒక్కో పెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెట్టేది, అందులో సగం మళ్లీ పొదుగుకే పోయేవి. తర్వాత పెరటి కోసం తయారుచేసిన రకాలు తెచ్చుకున్నప్పుడు, అవి కూడా అలాగే పెరుగుతాయనుకున్నాను. మొదటి విడత 60 పిల్లల్లో పెద్దవైనవి 19. ఆ దెబ్బతో మొదలుపెట్టి, తర్వాతి విడతల్లో ఒక్కొక్కటీ నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఈ కోళ్లను నాటుకోళ్లలా వదిలేస్తే బతకవు, బ్రాయిలర్లలా మేపితే గుడ్లు పెట్టవు. మొదటి ఆరు వారాలు చంటిబిడ్డలా చూసుకోవాలి, ఆ తర్వాత తిరిగి తిననివ్వాలి. కింద చెప్పేదంతా ఈ రెండు పనులూ ఎలా చేయాలనే.

ఏ రకం తీసుకోవాలి

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ ఉంది. అందరూ డీపీఆర్ అంటారు. పెరటి పెంపకం కోసం వాళ్లు ఇచ్చిన రకాల్లో మన ఊళ్లలో ఎక్కువగా కనిపించేవి మూడు. వనరాజా మాంసానికీ గుడ్లకూ పనికొస్తుంది. రంగురంగుల ఈకలు, పొడవైన కాళ్లు, ఆరు నెలలకు పుంజు రెండు కిలోలు దాటుతుంది, పెట్ట ఏడాదికి 100 నుంచి 110 గుడ్లు పెడుతుంది. గ్రామప్రియ ప్రధానంగా గుడ్ల కోడి. బాగా చూసుకుంటే పెరట్లోనే 160 నుంచి 180 గుడ్లు ఇస్తుంది, ఒంటి బరువు మాత్రం తక్కువ. శ్రీనిధి ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ల రాజశ్రీ కూడా పెరట్లో బాగా నిలబడే రకమే. బెంగళూరు నుంచి వచ్చిన గిరిరాజా పేరు మీరు వినే ఉంటారు.

నా సలహా అడిగితే, ఇంట్లో పిల్లలున్నవాళ్లు, గుడ్ల మీదే దృష్టి ఉన్నవాళ్లు గ్రామప్రియ తీసుకోండి. పండగకు పుంజులు అమ్ముకోవాలనుకుంటే వనరాజా. రెండూ కలిపి పెంచవద్దని కాదు, కానీ వనరాజా బరువైనది. మేత దగ్గర గ్రామప్రియను తోసేస్తుంది, కాబట్టి రెండు తొట్లు పెట్టాలి.

కొనేటప్పుడు జాగ్రత్త. వేసవిలో మోపెడ్ మీద గంపలు కట్టుకుని పిల్లలమ్మేవాళ్లు వస్తారు. రంగులద్దిన పిల్లలు దాదాపు ఎప్పుడూ గుడ్ల ఫారాలవాళ్లు వద్దని తీసేసిన మగపిల్లలే. అవి గుడ్లు పెట్టవు, మాంసమూ పట్టవు. కొందరు బ్రాయిలర్ కలిసిన పిల్లల్ని వనరాజా అని చెప్పి అమ్ముతారు. నేనూ ఒకసారి సంతలో అలా కొన్నాను. నాలుగో నెలకే కాళ్లు మోయలేక కూలబడ్డాయి. డీపీఆర్, పశువైద్య విశ్వవిద్యాలయం, మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రం, లేదా పశుసంవర్ధక శాఖవాళ్లు చూపించిన హేచరీ, వీటిలో ఒకదాని దగ్గరే తీసుకోండి. ముందుగా పేరు రాయించుకోవాలి, వెళ్లిన రోజే ఇవ్వరు. పిల్లలకు పుట్టిన రోజే మారెక్స్ (కాళ్లు, రెక్కలు చచ్చుబడే జబ్బు) టీకా వేశారా అని అడిగి, రసీదు మీద రాయించుకోండి.

మొదటిసారి పెంచేవాళ్లు ఒకరోజు పిల్లలకు బదులు, నాలుగైదు వారాలు పెంచి అమ్మేచోట తెచ్చుకోవడం మేలు. ధర ఎక్కువ, కానీ కష్టమైన భాగమంతా అప్పటికే దాటిపోయి ఉంటుంది. ఒకరోజు పిల్లల్నే తెస్తానంటే కింద రాసిన మొదటి ఆరు వారాల భాగం రెండుసార్లు చదవండి.

ఎన్ని, ఎప్పుడు

ఒక ఇంటి పెరడు, చుట్టూ చేను, దిబ్బ కలిపి 10 నుంచి 20 పెద్దకోళ్లకు తిండి పెట్టగలవు. అంతకు మించితే మేత కొనాల్సి వస్తుంది, అప్పుడు లెక్క మారిపోతుంది. పిల్లల్లో సగం పుంజులే వస్తాయి. అందుకే 20 పెట్టలు కావాలంటే 50 పిల్లలతో మొదలుపెట్టాలి.

ఆగస్టు మధ్యలో దించుకోవడం నాకు బాగా కుదిరింది. ఎండలు తగ్గి ఉంటాయి, చలి ఇంకా రాదు. సెప్టెంబరు చివరికి ఆరు వారాలు నిండుతాయి. సంక్రాంతికి పుంజులు ఐదు నెలల వయసులో ఉంటాయి. కనుమ నాడు నాటు పుంజు లాంటి రంగుల కోడికి గిరాకీ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పెట్టలు ఫిబ్రవరికల్లా గుడ్లకొస్తాయి. బోనాలకు అమ్మాలనుకునేవాళ్లు ఫిబ్రవరిలో దించుకోవచ్చు, కానీ పిల్లలు ఎదిగే వయసంతా ఎండల్లో గడుస్తుందని గుర్తుంచుకోండి. మే నెలలో, డిసెంబరులో మాత్రం దించుకోవద్దు.

మొదటి ఆరు వారాలు

నా మొదటి విడత డిసెంబరులోనే వచ్చింది. చెక్కపెట్టెలో ఊక పోసి, ఒక బల్బు పెట్టి పడుకున్నాను. రాత్రి రెండింటికి కరెంటు పోయింది. తెల్లారి చూస్తే పిల్లలన్నీ పెట్టె ఒక మూలకు గుట్టగా చేరి ఉన్నాయి. పైవాటిని తీస్తుంటే కిందవి పలచగా నలిగిపోయి, చల్లగా చేతికి తగిలాయి. ఇరవై మూడు. చలికి చచ్చినవి వాటిలో కొన్నే, మిగతావి వెచ్చదనం కోసం ఒకదానిమీద ఒకటి ఎక్కడం వల్ల ఊపిరాడక పోయినవి. అప్పటినుంచి నా బ్రూడర్‌కు, అంటే పిల్లల్ని వెచ్చగా ఉంచే చోటుకు, మూలల్లేవు.

యాభై పిల్లలకు నాలుగడుగుల వెడల్పున గుండ్రంగా కంచె కట్టండి. ఒకటిన్నర అడుగు ఎత్తు చాలు. రేకు, మందపాటి అట్ట, ఏదైనా సరే, మధ్యలో సందు లేకుండా ఉండాలి. పందికొక్కు చెయ్యి పట్టేంత సందులోంచి దూరుతుంది, ఒక్క రాత్రిలో పది పిల్లల్ని లాక్కెళ్తుంది. నేల మీద రెండు మూడు అంగుళాల మందాన ఆరిన వరి ఊక పరవండి. మొదటి మూడు రోజులు ఊక మీద న్యూస్‌పేపర్ వేసి, రోజూ మార్చండి. లేకపోతే పిల్లలు ఊకనే మేతనుకుని తింటాయి.

వేడికి లెక్క సులువు: పిల్లకు రెండు వాట్లు. యాభై పిల్లలకు 60 వాట్ల పాత రకం బల్బులు రెండు. ఒకటి మాడిపోయినా రెండోది ఉంటుంది. ఎల్ఈడీ బల్బు వెలుగిస్తుంది కానీ వేడి ఇవ్వదు. ఇది తెలియక పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లను చూశాను. బల్బులు నేలకు అడుగు, అడుగున్నర ఎత్తులో వేలాడాలి. మొదటి వారం పిల్లల వీపు ఎత్తులో 95 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండాలి, తర్వాత వారానికి ఐదు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ పోవాలి. బల్బుల్ని కొద్దికొద్దిగా పైకి లేపితే సరిపోతుంది.

థర్మామీటర్ లేకపోయినా పిల్లలే చెప్తాయి. రాత్రి పదింటికి టార్చి పట్టుకుని వెళ్లండి, లోపలికి ఒక్కసారిగా వెలుగు కొట్టకుండా పక్కనుంచి చూడండి. బల్బు కింద గుట్టగా చేరి సన్నగా, ఆపకుండా కీచుమంటుంటే చలి. కంచెకు ఆనుకుని నోరు తెరిచి, రెక్కలు దించుకుని ఉంటే వేడి ఎక్కువ. అన్నీ ఒకేవైపు చేరితే ఎదురువైపు నుంచి గాలి కొడుతోంది, అక్కడ గోనెపట్టా కట్టాలి. కాళ్లు చాపి, కంచె అంతటా చెదురుగా పడుకుని ఉంటే మీరూ వెళ్లి పడుకోవచ్చు. ఈ పదింటి చూపు, తెల్లవారుజామున నాలుగింటికి మరో చూపు, మొదటి పది రోజులు తప్పక ఉండాలి.

కరెంటు పోతే ఏం చేయాలో ముందే సిద్ధం చేసుకోండి. నేను మూడు మట్టికుండల్లో వేడినీళ్లు పోసి, మూత బిగించి, గోనెసంచి చుట్టి కంచె లోపల పెడతాను. బొగ్గుల కుంపటి పెట్టేవాళ్లున్నారు. గది తలుపులు మూసి పెడితే మాత్రం పొగకు పిల్లలు, మనుషులు కూడా పోతారు. కుంపటి పెట్టినప్పుడు పైన గాలి పోయే దారి ఉండి తీరాలి.

పిల్లలు రాగానే ముందు నీళ్లు, తర్వాతే మేత. కాచి చల్లార్చిన నీళ్లలో లీటరుకు రెండు చెంచాల గ్లూకోజ్ కలిపి, ఒక్కో పిల్లనూ చేతిలోకి తీసుకుని ముక్కు ఒకసారి నీళ్లలో ముంచి వదలండి. ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకుంటాయి, కానీ ఆ మొదటి గుక్క మనమే తాగించాలి. రెండు మూడు గంటల తర్వాత పేపరు మీద మొక్కజొన్న రవ్వ చల్లండి. ఆ రాత్రి ఒకటి రెండు పిల్లల మెడ కింది సంచిని వేలితో నొక్కి చూడండి. మెత్తగా, నిండుగా తగలాలి. ఖాళీగా ఉంటే అవి మేత దగ్గరికి చేరలేదని అర్థం.

రెండో రోజు నుంచి చిక్ మాష్, అంటే కోడిపిల్లల కోసం అమ్మే పొడి మేత, పెట్టాలి. ఆరు వారాలకు ఒక్కో పిల్ల 1.2 నుంచి 1.5 కిలోల మేత తింటుంది. యాభై పిల్లలకు బస్తాన్నర అనుకోండి. ఈ ఆరు వారాల్లో మేత మీద పొదుపు చేయొద్దు. తప్పనిసరై ఇంట్లోనే కలుపుకోవాలంటే పది కిలోలకు మొక్కజొన్న రవ్వ ఐదున్నర కిలోలు, సోయా చెక్క 2.7 కిలోలు, తవుడు కిలోన్నర, మిగతా 300 గ్రాములు ఖనిజ లవణ మిశ్రమం, కొద్దిగా ఉప్పు. మాంసకృత్తులు సరిపోతాయి, అయినా రెడీమేడ్ మేతలో ఉండే విటమిన్లు దీనిలో ఉండవు. బూజు వాసన వచ్చే వేరుశనగ చెక్క, తడిసిన మొక్కజొన్న మాత్రం ఎంత చవకగా దొరికినా వద్దు. ఆ బూజు విషమే, కాలేయం దెబ్బతిని పిల్లలు ఎదగవు.

జాగా పెంచుతూ పోవాలి. నాలుగో వారానికి పిల్లకు అర చదరపు అడుగు, ఆరో వారానికి ఒక చదరపు అడుగు. ఇరుకుగా ఉంటే ఒకదానినొకటి పొడుచుకుంటాయి, ఊక తడిసిపోతుంది. తడి ఊక ఉన్నచోట మూడో వారం దాటాక రక్తపు విరేచనాలు మొదలవుతాయి. రెట్టలో ఎర్ర చార కనిపించిన రోజే పశువైద్యుడిని అడిగి ఆంప్రోలియం మందు నీళ్లలో కలపండి, తడి ఊక తీసేసి పొడి ఊక వేయండి. రోజూ కర్రతో ఊక తిరగేయడం, నీళ్ల తొట్టి కింద ఇటుక పెట్టడం, ఈ రెండు చేస్తే దాదాపు రాదు.

టీకాలు

ఊళ్లలో పెరటి కోళ్లను తుడిచిపెట్టేది ఒక్కటే, కొక్కెర. రాణిఖెత్ అన్నా అదే. చలికాలం చివర్లో, వేసవిలో వస్తుంది. మెడ వంకర తిరిగి, ఆకుపచ్చ విరేచనాలై వారంలో వీధి వీధంతా ఖాళీ అవుతుంది. వచ్చాక మందు లేదు. టీకా ఒక్కటే దారి.

మొదటి రోజు మారెక్స్ హేచరీలోనే వేస్తారు. ఏడో రోజు కొక్కెరకు లసోటా టీకా, కంట్లో ఒక చుక్క. పద్నాలుగో రోజు గంబోరో (పిల్లల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే జబ్బు) టీకా, నోట్లో ఒక చుక్క. నాలుగో వారంలో లసోటా మరోసారి వేయిస్తే మంచిది. తొమ్మిదో వారంలో కొక్కెరకే ఆర్2బీ అనే టీకా, చర్మం కింద అర మిల్లీలీటరు. పన్నెండో వారంలో మశూచి టీకా. మా ఊళ్లో దాన్ని అమ్మవారు పోసింది అంటారు, తల మీద, కళ్ల చుట్టూ బొబ్బలు లేస్తాయి. ఆర్2బీ వేయడానికి వారం ముందు ఏలికపాముల మందు తాగించండి, కడుపులో పురుగులున్న కోడికి టీకా సరిగా పట్టదు. ఎనిమిది వారాల వయసు నుంచి రెండు మూడు నెలలకోసారి ఈ మందు తప్పకుండా ఇవ్వాలి. కొక్కెర టీకా ఆరు నెలలకోసారి మళ్లీ ఉండాలి. ఆర్2బీని గుడ్ల మీద ఉన్న పెట్టలకు వేస్తే కొన్నాళ్లు గుడ్లు తగ్గుతాయి, అందుకే రెండోసారి గుడ్లకు రాకముందే వేయించేలా డాక్టరుతో మాట్లాడి పెట్టుకోండి.

చుక్క వేయడం ఇంట్లో ఎవరైనా చేయొచ్చు. పిల్లను ఎడమ అరచేతిలో పట్టుకుని, బొటనవేలితో తల కాస్త పక్కకు తిప్పితే కన్ను పైకి వస్తుంది. చుక్క పడ్డాక వెంటనే వదలొద్దు. పిల్ల కన్ను మూసి తెరుస్తుంది, చుక్క లోపలికి ఇంకిపోయి కన్ను మళ్లీ మెరుస్తుంది. అది చూశాకే కింద దించండి. తొందరపడి వదిలితే తల విదిలించి చుక్కను బయటికి కొట్టేస్తుంది, మనం వేశామనుకుంటాం.

అసలు ఇబ్బంది వేరే. టీకా సీసాలో మామూలుగా 100 డోసులు, అంతకన్నా ఎక్కువే ఉంటాయి. ఇరవై కోళ్లున్నవాళ్లు సీసా కొని మిగతాది పారబోయాలా అని ఆగిపోతారు. కలిపిన టీకా గంట, రెండు గంటలకు మించి నిలవదు, రేపటికి దాచుకోవడం కుదరదు. మేము చేసే పని ఇది: వీధిలో కోళ్లున్న ఇళ్లన్నీ ఒకే రోజు పెట్టుకుంటాం. పొద్దున్నే, కోళ్లను గూట్లోంచి వదలకముందు. ఒకరు ఐసు ముక్కలు వేసిన థర్మాస్‌లో సీసా తెస్తారు, అక్కడినుంచి ఇల్లిల్లూ తిరుగుతాం. మా పక్కింటి పెద్దమ్మ మొదట్లో తన నాటుకోళ్లకు వద్దంది. మీ కోళ్లకు వస్తే మా కోళ్లకు వచ్చినట్టే పెద్దమ్మా అని చెప్పాక ఒప్పుకుంది. నిజమే, నాటుకోళ్లకు టీకా లేని వీధిలో మన 20 కోళ్లు ఎంతకాలం నిలుస్తాయి? పశువైద్యశాల దూరమైతే 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం గురించి అడగండి.

గూడు

గూడు రాత్రికే, పగలంతా కోడి బయటే ఉంటుంది. కాబట్టి పెద్దది అక్కర్లేదు, గట్టిదైతే చాలు. ఇరవై కోళ్లకు 30 నుంచి 40 చదరపు అడుగులు. నేలకు రెండడుగుల ఎత్తున వెదురు బద్దలతో అంగుళం లోపు సందులు వదిలి అడుగు కట్టుకుంటే రెట్ట కిందికి రాలిపోతుంది, లోపల తడి ఉండదు. చుట్టూ అరంగుళం కన్నాల జాలీ. కోడి జాలీ పేరుతో అమ్మే పెద్ద కన్నాలది వద్దు, ముంగిస మూతి పెట్టి లాగుతుంది, పాము లోపలికే వస్తుంది. పైకప్పు తాటాకైతే వేసవిలో చల్లగా ఉంటుంది. రేకు వేస్తే దాని మీద గడ్డి పరిచి, ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం నీళ్లు చల్లాలి.

వనరాజా బరువైనది, నాటుకోడిలా చెట్టెక్కి తప్పించుకోలేదు. అందుకే గూడు తలుపు రోజూ చీకటి పడకముందే మూయాలి. కూర్చునే కర్ర కూడా అడుగున్నరకు మించిన ఎత్తులో పెట్టొద్దు, దూకినప్పుడు కాళ్లు దెబ్బతింటాయి.

బయటికి వదలడం

ఆరు, ఏడు వారాలకు పిల్ల 600 గ్రాముల దగ్గరికి వస్తుంది, ఈకలు పూర్తిగా కప్పుకుంటాయి. అప్పుడు వదలొచ్చు, ఒక్కసారిగా కాదు. ముందు మూడు నాలుగు రోజులు గూట్లోనే ఉంచండి, అది తమ ఇల్లని తెలియాలి. తర్వాత రెండు రోజులు సూర్యాస్తమయానికి గంట ముందు తలుపు తీయండి. ఎక్కువ దూరం పోవడానికి సమయం ఉండదు, చీకటి పడేసరికి వాటంతటవే లోపలికి వస్తాయి. రేకు డబ్బాలో గింజలు గలగలలాడించి మేత వేయడం అలవాటు చేస్తే, ఆ చప్పుడు ఎక్కడ విన్నా పరుగెత్తుకొస్తాయి. గద్ద తిరిగినప్పుడు, వాన ముంచుకొచ్చినప్పుడు ఆ డబ్బాయే కాపాడుతుంది.

గద్దకు భయపడి వల కట్టక్కర్లేదు. కంది, మునగ, అరటి లాంటివి పెరట్లో ఉంటే చాలు, నీడలోకి దూరిపోతాయి. తల్లికోడి లేని పిల్లలు కాబట్టి మొదటి పదిహేను రోజులు ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి.

పక్క పొలంలో గుళికల మందు వేసినా, పురుగుమందు కొట్టినా నాలుగైదు రోజులు కోళ్లను వదలొద్దు. మందు పట్టించిన విత్తనాలు విత్తిన చేనుకూ అంతే. గుళికల్ని గింజలనుకుని తింటాయి, సాయంత్రానికి ఒక్కటీ మిగలదు. పొలం పక్కవాళ్లకు ముందే చెప్పి పెట్టుకోండి, మందు కొట్టే రోజు ఒక మాట చెప్పమని.

మేత: తక్కువైనా తప్పే, ఎక్కువైనా తప్పే

బయట తిరిగే కోడి పురుగు, గడ్డి, రాలిన గింజ తిని పగటి తిండి చాలావరకు తనే చూసుకుంటుంది. మనం సాయంత్రం ఒక్కపూట కోడికి 30 నుంచి 50 గ్రాములు వేయాలి. నూకలు, జొన్న, సజ్జ, తాలు వడ్లు, తవుడు, ఏది ఇంట్లో ఉంటే అది. ఇరవై కోళ్లకు రోజుకు దాదాపు 800 గ్రాములు, నెలకు 24 కిలోలు. నీళ్లు మాత్రం రోజంతా నీడలో ఉండాలి.

గింజల్లో మాంసకృత్తులు తక్కువ. దానికి మా దగ్గర చెదలు పట్టే పద్ధతి ఉంది. పాత కుండలో ఎండు పేడ, చిరిగిన గోనెముక్క, చొప్ప కుక్కి, నీళ్లు చల్లి, సాయంత్రం చెదలు తిరిగేచోట బోర్లించి పెట్టాలి. మర్నాడు ఎత్తితే లోపల చెదలు కుప్పగా ఉంటాయి. కోళ్ల ముందు దులిపితే రెండు నిమిషాల్లో ఖాళీ. అజొల్లా (నీళ్ల మీద తేలే నాచు లాంటి మొక్క) తొట్టి ఉన్నవాళ్లు రోజుకు గుప్పెడు వేయొచ్చు, మునగాకు కూడా మంచిదే.

ఇక ఎక్కువ మేత సంగతి. వనరాజాను చూస్తే ఇంకా పెట్టబుద్ధవుతుంది, ఎంత పెడితే అంత తింటుంది. పెట్ట ఆరు నెలలకు 2 నుంచి 2.5 కిలోల మధ్య ఉండాలి. మా వదినగారింట్లో మూడు కిలోలు దాటిన పెట్టలున్నాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, వారానికొక గుడ్డు కూడా సరిగా రాదు. లోపలంతా కొవ్వే. నెలకోసారి రాత్రిపూట నాలుగు పెట్టల రొమ్ము ఎముక తడిమి చూడండి. కత్తిలా పైకి తగిలితే మేత చాలడం లేదు. రెండు వైపులా మెత్తటి కండ పట్టి ఎముక కొద్దిగా తెలుస్తుంటే సరిగ్గా ఉంది. ఎముకే దొరకకపోతే సాయంత్రం మేత సగం చేయండి.

పుంజులు వేరు, పెట్టలు వేరు

ఎనిమిది వారాలకు పుంజుల తురాయి ఎర్రబడుతుంది, తేలిగ్గా గుర్తుపట్టొచ్చు. అప్పటినుంచి వాటికి కాస్త ఎక్కువ మేత వేసి నాలుగైదు నెలల్లో అమ్మేయండి. కిలోల లెక్కన కాకుండా కోడి లెక్కన అమ్మే ఊళ్లలో రంగు, తోక బాగున్న పుంజుకు ధర బాగా వస్తుంది. తినే గుడ్లకు పుంజు అవసరం లేదు, ఒకటి రెండు ఉంచుకుంటే చాలు.

ఇంకో మాట, చాలామంది ఇక్కడే పొరబడతారు. ఈ కోళ్ల గుడ్లు పొదిగించి పిల్లల్ని చేసుకుందామనుకోవద్దు. ఇవి వేర్వేరు వంశాలను కలిపి తీసిన రకాలు. వీటి పిల్లలకు ఆ బరువూ ఆ గుడ్లూ రావు, ఒక్కోటి ఒక్కోలా తయారవుతుంది. ఈ పెట్టలు పొదుగుకు కూర్చోవడం కూడా అరుదు. అందుకే గుడ్లు ఎక్కువ పెడతాయి. ప్రతి విడతా కొత్త పిల్లల్నే తెచ్చుకోవాలి.

గుడ్లు

గ్రామప్రియ ఐదున్నర నెలలకు, వనరాజా ఆరు నెలలకు గుడ్లకొస్తాయి. దానికి పదిహేను రోజుల ముందే ఐదు పెట్టలకొకటి చొప్పున పాత గంపలో గడ్డి వేసి గూట్లో చీకటిగా ఉండే మూల పెట్టండి. లేకపోతే పొదల్లో పెట్టడం అలవాటవుతుంది, వెతుక్కోవాల్సి వస్తుంది. ఆల్చిప్పల పొడి, లేదా సున్నపురాయి పొడి కోడికి రోజుకు మూడు నాలుగు గ్రాముల చొప్పున విడిగా ఒక చిప్పలో పెట్టండి, కావలసినంత తింటాయి. పెంకు పలచబడి గుడ్లు పగులుతున్నాయంటే అది చాలడం లేదనే.

గుడ్లు పొద్దున పదింటికి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తీయండి. కడగొద్దు, మురికి ఉంటే పొడిగుడ్డతో తుడవండి. సన్నటి కొన కిందికి పెట్టి, చల్లటి చోట ఉంచండి. చలికాలంలో పగలు తగ్గి గుడ్లు తగ్గుతాయి, ఈకలు రాల్చేటప్పుడు కొన్నాళ్లు పూర్తిగా ఆగుతాయి. టెన్షన్ పడి మందులు వేయకండి.

పెట్టకు 150 చొప్పున వేసుకున్నా ఇరవై గ్రామప్రియలతో ఏడాదికి 3,000 గుడ్లు. మనిషికి ఏడాదికి 180 గుడ్లు తినాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. నలుగురున్న ఇంటికి 720. ముందు అవి ఇంట్లో తినండి. మొదట్లో మా వీధిలో ప్రతి గుడ్డూ అమ్మేసి, పిల్లలకు వారానికొకటి పెట్టేవాళ్లు ఉండేవాళ్లు. అది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. మిగిలిన 2,280 అమ్ముకున్నా మేత, టీకాల ఖర్చు పోగా చేతికి డబ్బు మిగులుతుంది.

ఒకేసారి నాలుగైదు చనిపోతే

ఒక కోడి చచ్చిపోవడం వేరు, రెండు రోజుల్లో నాలుగైదు పోవడం వేరు. అప్పుడు కోసుకుని తినడం, సంతలో తక్కువ ధరకు వదిలించుకోవడం చేయకండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది, అలాంటిది పెరట్లోకి రాదని ఎవరు చెప్పగలరు? పశువైద్యశాలకు చెప్పండి, మిగతా కోళ్లను వదలకుండా కట్టడి చేయండి. చచ్చినవాటిని కాలువలో వేయకుండా, కుక్కలు తవ్వలేనంత లోతుగా గుంట తీసి, సున్నం చల్లి పూడ్చండి. ముట్టుకునేటప్పుడు చేతికి కవరు, ముక్కుకు గుడ్డ ఉండాలి. ఇంట్లో చిన్నపిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

పెట్టలను మార్చడం

ఏడాదిన్నర వయసు దాటాక గుడ్లు తగ్గిపోతాయి. అప్పుడు పెట్టల్ని మాంసానికి అమ్మేసి కొత్త విడతకు గూడు ఖాళీ చేయండి. పాత ఊక, రెట్ట కూరగాయల పాదులకు మంచి ఎరువు, కొన్నాళ్లు కుప్ప పోసి మాగనిచ్చాకే వేయండి. గూటికీ బ్రూడర్ కంచెకూ సున్నం కొట్టి, కనీసం పదిహేను రోజులు ఎండకు ఆరనివ్వాలి. ఆగస్టులో పిల్లలు దిగాలంటే ఏప్రిల్, మే నెలల్లోనే పేరు రాయించుకోండి. జూన్, జూలై వచ్చేసరికి అందరూ అదే అడుగుతారు.